ఎరలు తూచి రాడ్ కొన్నాను

బాస్ అనే మంచినీటి వేట చేపల కోసం రాడ్, అంటే గాలపు కర్ర కొనాలని నిశ్చయించుకునే నాటికి నా దగ్గరున్న డబ్బు పేరున్న కంపెనీల పైరకం రాడ్ ఒక్కదానికైతే సరిపోతుంది. అది కొంటే లైను చుట్టే రీలు ఉండదు, గాలం కట్టే లైను ఉండదు, గాలాలు ఉండవు. గోడకు ఆనించి చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని రాడ్ల వైపు చూడకముందే డబ్బును మూడు వాటాలు వేసుకున్నాను. సగానికి కాస్త పైన రాడ్‌కు, మిగిలినదానిలో ఎక్కువ భాగం రీలుకు, చివరి కొసరు లైనుకూ గాలాలకూ. రాడ్‌కు పెద్దపీట వేయడానికి కారణం ఉంది. కృత్రిమ ఎరలతో బాస్ పట్టేటప్పుడు ఎర రాయిని తాకిందా, నాచులో చిక్కిందా, చేప నోట్లోకి వెళ్లిందా అన్న కబురు వేళ్లకు చేరేది దాని గుండానే. రీలు గరగరలాడకుండా తిరిగి, చేప లాగినప్పుడు డ్రాగ్ (లైను ఎంత బలానికి జారాలో అదుపు చేసే బ్రేకు) పట్టి పట్టి వదలకుండా నెమ్మదిగా లైను ఇస్తే చాలు. ఆ ధరలో అంతకు మించి నేను ఆశించలేదు.

రాడ్, రీలు కలిపి అమ్మే సెట్లు కూడా తిప్పి చూశాను. నేను చూసిన చవక సెట్లలో రాడ్ ఫరవాలేదనిపించినా రీలు తేలిపోయింది. పిడి పట్టుకుని కదిపితే లూజుగా ఊగుతుంది, డ్రాగ్ బిగించి లైను లాగితే ఒక్కసారిగా జారుతుంది. వాటిని పక్కన పెట్టాను.

ఇక సలహాల సంగతి. ఏ రాడ్ మంచిదని ఎవరిని అడిగినా తమ చేతిలో ఉన్నదే మంచిదంటారు. ఒకాయన పొడవైనదే కొనమంటాడు, ఇంకొకాయన గట్టిది కాకపోతే చేప దక్కదంటాడు. ఏళ్ల తరబడి బాస్ పడుతున్న ఒక మిత్రుడు మాత్రం రాడ్ ఊసే ఎత్తలేదు.

"నువ్వు ఏ ఎరలు వేస్తావు?"

చెప్పాను. ప్లాస్టిక్ వానపాములు, రెండు మూడు జిగ్‌లు (సీసం తల ఉన్న గాలాలు), స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకుల ఎర), చిన్న క్రాంక్‌బెయిట్లు (చేప ఆకారంలో ఉండి, లాగితే నీళ్లలోకి మునిగే ఎరలు), నీటి పైన తేలే ఎర ఒకటి.

"ఎంత బరువుంటాయి?"

"పెట్టె మీద రాసి ఉంటుందిగా."

"పెట్టె మీదది కాదు. గాలంతో, తోకతో, సీసంతో కలిపి ఎంత? ముందు ఆ డబ్బా తూచి రా, రాడ్ గురించి తర్వాత మాట్లాడదాం."

వంటింటి తూకం తీసి ఒక్కో ఎరనూ నీళ్లలో వేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే కట్టి తూచాను. జిగ్ మీద 3/8 ఔన్సు అని ఉంది. ఔన్సంటే 28 గ్రాములకు పైన, కాబట్టి అది పదిన్నర గ్రాములు ఉండాలి. దానికి ప్లాస్టిక్ తోక తగిలించేసరికి ముల్లు 15 దగ్గర ఆగింది. స్పిన్నర్‌బెయిట్ మీద కూడా 3/8 అనే ఉంది. ఆ అంకె సీసం తలకాయది మాత్రమే. తిరిగే రేకులు, తీగ, రబ్బరు కుచ్చు అన్నీ కలిస్తే 16 గ్రాములు దాటింది. ప్లాస్టిక్ వానపాము తానుగా తేలికే కానీ 5 గ్రాముల సీసం గుండు, పెద్ద గాలం చేరాక 10కి దగ్గరైంది. క్రాంక్‌బెయిట్లు 7, 9 గ్రాములు. మొత్తం డబ్బా 7 నుంచి 17 గ్రాముల మధ్య ఒదిగిపోయింది. కాగితం మీద ఆ రెండు అంకెలు రాసుకున్నాక దుకాణంలో వరుసగా నిలబెట్టిన రాడ్లలో ముప్పాతిక వంతు నా లెక్కలోంచి తప్పుకున్నాయి.

ఎందుకంటే ప్రతి రాడ్ మీదా పిడికి కాస్త పైన, చిన్న అక్షరాలలో, అది ఎంత బరువు ఎర విసరగలదో, ఎంత బలమైన లైను తట్టుకోగలదో అచ్చేసి ఉంటుంది. రంగులు, బొమ్మలు, మెరిసే స్టిక్కర్ల మధ్య ఆ ఒక్క వరుసను వెతుక్కోవాలి. నాకు కావలసినది "ఎర 1/4–5/8 ఔన్సు, లైను 6–12 పౌండ్లు" అన్న తరహాది. గ్రాములలో చెబితే 7 నుంచి 18 దాకా. కింది అంకె కన్నా తేలికైన ఎర కడితే రాడ్ వెనక్కి వంగదు. వంగకపోతే విసిరేటప్పుడు తిరిగి నెట్టదు. అప్పుడు విసురంతా భుజం మీదే పడుతుంది, ఎర మాత్రం కాళ్ల ముందే పడుతుంది. పై అంకెను బాగా దాటితే విసురులోనే కొన విరిగే ప్రమాదం ఉంది. మన ఎరల్లో ఎక్కువ భాగం ఆ రెండు అంకెల నడుమకు వచ్చేట్టు చూసుకుంటే రాడ్ సుఖంగా పనిచేస్తుంది.

అంకెల పక్కనే లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాస్తారు. దానిని పవర్ అంటారు, రాడ్ వంగడానికి ఎంత బలం కావాలో చెప్పే మాట. చిక్కేమిటంటే దీనికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలమానం లేదు. ఒకరి మీడియం ఇంకొకరి మీడియం హెవీ అంత గట్టిగా ఉంటుంది. దుకాణంలో రెండు మీడియం రాడ్లను పక్కపక్కన పట్టుకుని ఊపితే ఒకటి వంగింది, ఒకటి మొండికేసింది. అందుకే నేను పేరును వదిలి అంకెలనే నమ్ముకున్నాను.

నా దృష్టిలో కొనేవాళ్లు ఎక్కువసేపు ఆలోచించవలసినది యాక్షన్ గురించి. బలం పడినప్పుడు రాడ్ ఎక్కడి నుంచి వంగుతుందన్నది యాక్షన్. కొన దగ్గరి మూడో వంతే వంగి కింద భాగం బిగిసి ఉంటే ఫాస్ట్. నడుమ దాకా వంగితే మోడరేట్. పిడి దాకా వంపు పాకితే స్లో. ఇది వినడానికి సూక్ష్మమైన తేడాలా ఉంటుంది కానీ చేప దక్కేదీ పోయేదీ ఇక్కడే. ప్లాస్టిక్ వానపాముకు వాడే గాలం లావుపాటి ఒంటి గాలం, దాని మొన ప్లాస్టిక్‌లో దాగి ఉంటుంది. బాస్ నోరు హఠాత్తుగా తెరిచి నీటితో పాటే ఎరను లోపలికి పీల్చుకుంటుంది. మన చేతికి తెలిసేది ఒక చిన్న టిక్కు మాత్రమే. ఆ క్షణాన గట్టిగా గుంజితే మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని చేప దవడలో దిగాలి. రాడ్ సగందాకా మెత్తగా వంగిపోయేదైతే ఆ గుంజుడు వంపులోనే ఖర్చైపోతుంది. కాబట్టి ఒంటి గాలాలకు ఫాస్ట్.

క్రాంక్‌బెయిట్‌ది దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. దానికి వేలాడేవి మూడు కొనల సన్నటి గాలాలు, చురుకైన మొనలు, తాకితే చాలు గుచ్చుకుంటాయి. గుచ్చుకున్న చేప తల విదిలించినప్పుడు బిగుసుకున్న రాడ్ వాటిని చర్మంలోంచి ఊడబెరుకుతుంది. మెత్తగా వంగే రాడ్ ఆ విదిలింపును తనలోకి తీసుకుంటుంది. అంతేకాదు, చేప ఎరను నోట్లోకి పూర్తిగా తీసుకునేలోపు మనం లాగేయకుండా అర క్షణం ఆలస్యం కూడా చేస్తుంది. రెండు పనులకూ ఒకే రాడ్ సరిపోవాలంటే ఏదో ఒకవైపు రాజీ తప్పదు. నా డబ్బాలో ఒంటి గాలం ఎరలే ఎక్కువ. మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ అని నిర్ణయించుకున్నాను. మీ డబ్బాలో క్రాంక్‌బెయిట్లే నిండి ఉంటే నా మాట వినకండి.

రీలు స్పిన్నింగ్ రకమా, బెయిట్‌కాస్టింగ్ రకమా అన్న ప్రశ్నకు నేను పెద్దగా తర్జనభర్జన పడలేదు. బెయిట్‌కాస్టింగ్ రీలులో విసిరినప్పుడు లైను చుట్టిన చట్రమే గిర్రున తిరుగుతుంది. బొటనవేలితో సమయానికి అదిమి పట్టకపోతే ఎర ఆగినా చట్రం ఆగదు, లైను పిచ్చుకగూడు అవుతుంది. పది గ్రాముల లోపు ఎరలు విసరాలంటే ఆ రకంలో కాస్త మంచి రీలే కావాలి, అంటే ఖర్చు. స్పిన్నింగ్ రీలులో చట్రం కదలదు, లైను దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. తేలిక ఎర కూడా దూరం వెళుతుంది. దట్టమైన కలుపు మొక్కల్లోంచి పెద్ద చేపను బలవంతంగా ఈడ్చుకురావడానికి మాత్రం బెయిట్‌కాస్టింగ్‌దే పైచేయి. నాకు ఆ అవసరం తక్కువ. 2500 సైజు స్పిన్నింగ్ రీలు, దానికి తగిన స్పిన్నింగ్ రాడ్ అనుకున్నాను.

పొడవు విషయంలో దుకాణదారు 7 అడుగులు దాటినవే చూపిస్తూ పోయాడు. పొడవు పెరిగితే ఎర దూరం పడుతుంది, గుంజినప్పుడు ఎక్కువ లైను కదులుతుంది, నిజమే. నేను గట్టు మీద, వెనక చెట్లు పెట్టుకుని నిలబడేవాణ్ని. తేలే ఎరను ఆడించేటప్పుడు రాడ్ కొనను కిందికి జర్కులు ఇవ్వాలి, పొడవు మరీ ఎక్కువైతే కొన నీళ్లకు కొట్టుకుంటుంది. 6 అడుగుల 8 అంగుళాలు నా ఎత్తుకు కుదిరింది.

"ఇది ఐఎం8 గ్రాఫైట్ అండి. ఐఎం6 కంటే రెండు మెట్లు పైన," అన్నాడు దుకాణదారు ఒక నల్లటి రాడ్ చేతికిస్తూ.

"ఎవరి ఐఎం8 అండి?" అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఐఎం6, ఐఎం7, ఐఎం8 అన్నవి అసలు ఒక కంపెనీ తన కార్బన్ పోగులకు (గ్రాఫైట్ రాడ్లు చేసేది వాటితోనే) పెట్టుకున్న సరుకు పేర్లు. రాడ్ల పరిశ్రమ అంతా ఒప్పుకున్న నాణ్యతా తరగతులు కావు. స్టిక్కర్ మీద అంకె పెద్దదైనంత మాత్రాన రాడ్ మంచిదవదు. మాడ్యులస్, అంటే పోగు ఎంత బిగువుగా ఉంటుందన్నది మాత్రం నిజమైన కొలత. అది పెరిగినకొద్దీ తక్కువ పదార్థంతో అంతే బిగువు వస్తుంది, రాడ్ తేలికవుతుంది, సున్నితంగా కబురు అందిస్తుంది. దానితో పాటే గోడలు పలచబడి దెబ్బలకు పెళుసవుతుంది. తక్కువ ధరలో ఎక్కువ మాడ్యులస్ అని గొప్పగా చెప్పుకునే రాడ్ కన్నా మధ్యరకం గ్రాఫైట్‌తో ఒద్దికగా చేసినది నాకు నమ్మకంగా అనిపించింది. పూర్తి ఫైబర్ గ్లాస్ రాడ్ మొరటు వాడకాన్ని కూడా బాగా తట్టుకుంటుంది. క్రాంక్‌బెయిట్లకు చక్కగా వంగుతుంది కూడా. బరువు ఎక్కువ, కబురు మందం. వానపాముతో ఆడేవాడికి అది నప్పదు.

ఖరీదైన పదార్థం మీద మనసు లాగినప్పుడల్లా నేను ఒక సంగతి గుర్తు చేసుకునేవాణ్ని. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ లేక్ అనే చోట జార్జ్ పెర్రీ అనే యువ రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టాడు. పది కిలోల పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప ఔన్సు లోపు తేడాతో ఎక్కువ తూగినా, నిబంధనల ప్రకారం అతి బరువైన లార్జ్‌మౌత్ బాస్ ప్రపంచ రికార్డు ఇద్దరికీ సమానంగానే నమోదైంది. పెర్రీ, అతని స్నేహితుడు ఆ రోజు ఒకే రాడ్‌ను వంతులవారీగా వాడుకున్నారని చెబుతారు. గ్రాఫైట్ రాడ్లు మార్కెట్లోకి వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1970 దశకంలో.

చవక రాడ్లలో కంపెనీలు మొదట కోత పెట్టేది గైడ్ల మీద, అంటే లైను దూరే ఆ చిన్న రింగుల మీద. అందుకని వాటి దగ్గర తీరిగ్గా కూర్చున్నాను. ముందు లెక్కపెట్టాలి. అడుగుకు ఒకటి చొప్పున, కొన దగ్గరిది అదనంగా ఉండాలన్నది మోటు లెక్క. తక్కువైతే రాడ్ వంగినప్పుడు లైను ఆ వంపును అనుసరించదు, గైడ్‌కూ గైడ్‌కూ మధ్య కోణాలు కోణాలుగా నిలుస్తుంది, భారం ఒకే చోట పడుతుంది. నేను చూసిన ఒక రాడ్‌కు కొన రింగుతో కలిపి ఆరే ఉన్నాయి. ఒక కన్ను మూసి పిడి వైపు నుంచి చూస్తే అందులో ఒక రింగు పక్కకు తిరిగి ఉంది కూడా.

తర్వాత దూది పరీక్ష. చెవులు తుడుచుకునే దూది పుల్ల జేబులో పెట్టుకుని వెళ్లాను. ఒక్కో రింగులో దూదిని దూర్చి లోపలి అంచు మీద నెమ్మదిగా తిప్పాలి. నునుపైన సిరామిక్ పొర మీద దూది జారిపోతుంది. కంటికి కనబడని పగులు ఉన్నా ఒక పోగు దానికి తగులుకుని సన్నగా సాగుతుంది. నేను చూసిన రెండో రాడ్‌లో, కొన రింగు దగ్గర, సరిగ్గా అలాగే ఒక తెల్లటి పోగు వేలాడింది. చేప ఎదురు తిరిగినప్పుడు లైను అక్కడే తెగుతుంది, మనమేమో లైనును తిట్టుకుంటాం. దుకాణదారు కళ్లజోడు పైకెత్తి ఆ పోగు వైపు చూసి, ఏమీ అనకుండా ఆ రాడ్‌ను లోపలికి తీసుకెళ్లాడు. రింగుల్లోపల అల్యూమినియం ఆక్సైడ్ ఉంటే ఈ ధరలో చాలు. సిలికాన్ కార్బైడ్ అంతకంటే గట్టిది, వేడిని బాగా లాగేస్తుంది కానీ దానికి డబ్బు పెట్టేంత లేదు నా దగ్గర. సిరామిక్ రింగు చట్రంలో వదులుగా కదలకూడదు, గైడ్ పాదాల దగ్గర దారం మీద పోసిన ఎపాక్సీ జిగురులో పగుళ్లు ఉండకూడదు. చిన్న బుడగలు ఉంటే ఉండనీయండి, అవి అందానికి సంబంధించినవే.

పిడి కార్కుదా ఫోముదా అన్నది నా మటుకు నాకు పట్టింపు లేదు. చవక కార్కులో గుంతలు పూడ్చి రంగు కలిపిన ముద్ద ఏడాది తిరక్కుండా రాలిపోవచ్చు, ఆ కోవలో ఫోము మేలు. రీలు బిగించే చోటు మాత్రం గట్టిగా చూడాలి. నా రీలును వెంట తీసుకెళ్లి బిగించి అటూ ఇటూ ఊపాను. బిగించాక రాడ్‌ను వేళ్ల మీద నిలిపితే కొన కిందికి వాలకుండా ఉండాలి. కొన బరువుగా ఉన్న రాడ్ దుకాణంలో ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, సాయంత్రానికి మణికట్టు చెబుతుంది.

ఒకటే ముక్కగా ఉన్నది కొనాలని చాలామంది పట్టుబడతారు. నేను బస్సుల్లో తిరిగేవాణ్ని కాబట్టి రెండు ముక్కలదే తీసుకున్నాను. ఈ రోజుల్లో అతుకు బాగా చేస్తున్నారు, చేతికి తేడా తెలియలేదు. బిగించేటప్పుడు అతుకు పూర్తిగా కూర్చుందో లేదో, ఊపితే టకటకమని చప్పుడు వస్తోందో లేదో చూసుకోవాలి. పాత రాడ్ ఒకటి సగం ధరకు వస్తానంది. పైరకమే. గోటిని దాని ఒంటి మీద పొడవునా నడిపిస్తే నడుమ ఒకచోట చిన్న గాటు తగిలింది. గ్రాఫైట్ మీద పడిన దెబ్బ అప్పటికప్పుడు బయటపడదు, ఏదో ఒక రోజు బరువు పడినప్పుడు అక్కడే విరుగుతుంది. వదిలేశాను, మనసు కాస్త పీకినా.

చివరికి రెండు మిగిలాయి. రెండింటి మీదా ఒకే అంకెలు, ధరలో తేడా నామమాత్రం. దుకాణదారు అనుమతి తీసుకుని అర లీటరు నీళ్ల సీసా మూతకు లైను కట్టాను. రాడ్‌ను వాలుగా పట్టుకుని నెమ్మదిగా సీసాను నేల మీద నుంచి లేపాలి. కొనను పైకప్పుకో నేలకో నొక్కి వంచి చూసేవాళ్లను చూస్తుంటాను, అది రాడ్‌కు మంచిది కాదు, వంపు గురించి నిజం కూడా చెప్పదు. మొదటి రాడ్ లేచింది కానీ నాలుగో గైడ్ దగ్గర వంపు ఒక్కసారిగా మలుపు తిరిగింది, ఆ కింద కర్ర బిర్రబిగుసుకుంది. రెండోది కొన నుంచి నునుపుగా వంగుతూ వచ్చి, మూడో వంతు దగ్గర నెమ్మదిగా బిగువులోకి జారింది. నాకు రెండోది నచ్చింది. రంగు మాత్రం ఘోరం, నారింజ చారలు.

ఆ సాయంత్రమే 10 పౌండ్ల అల్లిక లైను చుట్టి, కొసన రెండు బారల ఫ్లోరోకార్బన్ లైను ముడివేశాను. అల్లిక లైను దాదాపు సాగదు. గుంజినప్పుడు బలం నేరుగా వెళుతుంది, టిక్కు కూడా నేరుగా వస్తుంది. ఖరీదైన రాడ్‌తో వచ్చే సున్నితత్వంలో కొంత భాగాన్ని ఈ లైను చవకగా తెచ్చిపెడుతుందని నా నమ్మకం. డ్రాగ్‌ను మాత్రం రాడ్ మీద అచ్చైన అంకెను దృష్టిలో పెట్టుకుని వదులుగానే ఉంచాను.

నీళ్ల దగ్గర అది చెప్పినట్టే నడుచుకుంది. వానపాము గులకరాళ్ల మీద దొర్లుతున్నప్పుడు ఒక్కో రాయీ వేలికి తెలిసేది. బురదలోకి వెళ్లగానే ఆ గరుకుదనం ఆగిపోయేది. ఒకసారి గరుకు ఆగింది కానీ బురద తాలూకు మెత్తదనం రాలేదు, లైను పక్కకు కదులుతోంది. గుంజాను. పెద్ద చేపేమీ కాదు, కిలోకు అటూ ఇటూ. గాలం పై దవడ మూలలో శుభ్రంగా దిగింది. క్రాంక్‌బెయిట్‌తో మాత్రం అనుకున్నట్టే కొన్ని చేపలు దగ్గరిదాకా వచ్చి విదిలించుకుపోయాయి. డ్రాగ్ ఇంకొంచెం వదులు చేసి, గుంజడం మానేసి రీలు తిప్పుతూనే ఉండటంతో ఆ నష్టం తగ్గింది, పూర్తిగా పోలేదు. చేపను గట్టుకు తెచ్చాక రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తి పైకి లేపను. ఆ కోణంలో భారమంతా కొన మీద పడుతుంది. వంగి చేత్తో దవడ పట్టుకుంటాను. బస్సు తలుపులు, తిరిగే ఫ్యాన్లు చేపలకన్నా ఎక్కువ రాడ్లను విరగ్గొట్టి ఉంటాయని నా అనుమానం. అందుకే దానికి పాత ప్లాస్టిక్ పైపుతో ఒక ఒర చేశాను.

ఇప్పుడు మళ్లీ కొద్దికొద్దిగా డబ్బు పక్కన పెడుతున్నాను. ఈసారి గ్లాస్, గ్రాఫైట్ కలిపి చేసిన మోడరేట్ యాక్షన్ రాడ్, క్రాంక్‌బెయిట్ల కోసం. వాటిని తూచడం అయిపోయింది.